కోడికాళ్ల డేగ

పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక కూడా నాకొక పేరు మిగిలింది. "కోడికాలు సార్". మా కాలేజీవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా చికెన్ పకోడీ ఫొటో పెడితే చాలు, కింద నన్ను తలుచుకుంటారు. మొన్న కల్లూరులో ఒక గృహప్రవేశానికి వెళితే, ఈమధ్యే జువాలజీలో చేరిన లెక్చరరు ఒకాయన పక్కన కూర్చుని "సార్, తప్పుగా అనుకోవద్దండి, మిమ్మల్ని అట్ల ఎందుకంటారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అవతలి కుర్చీలోని వృక్షశాస్త్రం మిత్రుడు అందుకున్నాడు. ఆయన చెబితే కోడి మూడింతలవుతుంది. అందుకని నేనే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చదివితే మంచిది. నవ్వొచ్చినచోట నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వులో పడి కొట్టుకుపోయిన సంగతి ఒకటుంది, అదే నన్ను సిగ్గుతో చంపుతూ ఉంటుంది.

కర్నూలులో నేను పనిచేసిన కాలేజీలో జువాలజీ మ్యూజియం అంటే ఒక పొడుగాటి గది. సీసాల్లో పాములు, తేళ్లు, ఒక ఎండిన ముళ్లచేప. గోడవారగా రెండు అద్దాల బీరువాలు. అందులో ఒకదాన్నిండా రెక్కలు చాచి నిలబడిన డేగ అస్థిపంజరం. నేను ఆ కాలేజీలో చదువుకునే రోజులకే అది అక్కడుంది. ఎవరు పట్టారో, ఎవరు ఎముకలు శుభ్రం చేసి తీగలతో కట్టారో చెప్పేవాళ్లు అప్పటికే లేరు. ఇప్పుడు డేగ మీద చెయ్యి వేస్తే జైలు. కాబట్టి అలాంటిది ఇంకోటి రాదు. ఆ గర్వం మాకందరికీ ఉండేది, తాళంచెవి నా జేబులో ఉండేది కాబట్టి నాకు కాస్త ఎక్కువ ఉండేది.

కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందంటే మా దగ్గర మొదలయ్యేది రంగుల పని. గోడలకు సున్నం, బల్లలకు వార్నిష్, ఎముకలకు తెల్ల ఎనామిల్. ఎముకకు రంగు పుయ్యకూడదని తరగతిలో పాఠం చెప్పేవాణ్ణి నేనే. పాఠం పాఠమే, కమిటీ కమిటీయే. పసుపుబారిన ఎముకను చూసి "నిర్వహణ సరిగా లేదు" అని రాసిపోతే ఎవడు పడతాడు? అందుకని ప్రతి కమిటీకీ డేగ ఒక కోటు రంగు కట్టుకునేది. ఏళ్లు గడిచేకొద్దీ దానికి కాస్త ఒళ్లు కూడా వచ్చింది.

అలాంటి ఒక కమిటీకి ముందురోజు సున్నం కొట్టేవాళ్లు బీరువా జరపబోయి డేగను కింద పడేశారు. దాని మీద నిచ్చెన పడింది. రెక్కలు, తల, కాలివేళ్లు, గోళ్లు బాగానే ఉన్నాయి. వేళ్లకు పైనుండే ఆ పొడుగాటి కాలి ఎముకలు మాత్రం రెండూ పిండి పిండి అయ్యాయి. మా అటెండరు ముక్కలన్నీ చాటలోకి ఎత్తుకుని, "కాళ్లే కదా సార్ పోయింది. గోర్లు బాగుండాయి. పొద్దున్నకు నిలబెడ్తా, మీరు ఇంటికి పోండి" అన్నాడు.

పొద్దున వచ్చేసరికి డేగ నిలబడి ఉంది. రంగు ఇంకా తడిగా ఉంది.

"యాడ తెచ్చినావప్పా కాళ్లు?" అన్నాను.

"మా ఇంట్లో పుంజును కోసిన్యాం సార్. కింది కాళ్లు మావోళ్లు ఎవరూ తినరు, పారేసేవే. ఉడకబెట్టి గీకినా. ఆ ముల్లొకటి అడ్డమొస్తాంటే ఆకురాయితో అరగదీసినా."

పుంజుకు కాలి వెనక పొడిచే ముల్లు ఉంటుంది కదా, అది. నేను చూసి "బాగుంది" అన్నాను. కమిటీ పెద్దమనిషి కూడా బాగుందనే అన్నాడు. ఆ వారమంతా స్టాఫ్ రూములో ఇదే నవ్వు. డేగ తెల్లారి కూస్తుందా, గుడ్డు పెడుతుందా అని. తర్వాత సెలవులొచ్చాయి, పరీక్షలొచ్చాయి, అటెండరు రిటైరై తన ఊరికి పోయాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. మేము నవ్వి మరిచిపోయిన కోడికాలు కూడా అలాగే ఒకరోజు పండింది.

చాలా ఏళ్ల తర్వాత కడప నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తురకల పిల్ల. వాళ్ల నాన్న అక్కడ పరుపులు కుట్టేవాడు. వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. భుజాన సంచి దించి, దూదిలో చుట్టి దారంతో కట్టిన పొట్లాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అన్నీ ప్లాస్టరుతో పోతపోసిన ఎముకలు.

"ఇవి యాడివమ్మా?"

"ఒక దీవివి సార్. ఈ డేగ ఇప్పుడు లేదు, పూర్తిగా అంతరించిపోయింది" అంది.

ఎక్కడో నడిసముద్రంలో దీవి. దాని పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మన బేతంచెర్ల దిక్కు గుహల్లో దొరికినట్టే అక్కడి సున్నపురాతి గుహల్లోనూ పాత ఎముకలు దొరికాయి. వాటిలో ఈ డేగవి కొన్ని. మనుషులు ఓడల్లో దిగాక, వాళ్ల వెంట ఎలుకలు, పందులు దిగాక, అడవి పలచబడింది, డేగ లేకుండా పోయింది. అది ఎగురుతుండగా చూసి రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. మిగిలినవల్లా గుప్పెడు ఎముకలు, వాటి మీద తగువు. మొదట వాటిని తవ్వితీసినాయన, దీని కాళ్లు మరీ లావుగా ఉన్నాయి, ఇది ఏ డేగల ఇంటిదీ కాదని చెప్పి దానికి కొత్త ఇంటిపేరు పెట్టాడు. శాస్త్రంలో దాన్నే ప్రజాతి అంటాం. తర్వాత వచ్చినాయన, కాళ్లు లావైనంత మాత్రాన ఇంట్లోంచి వెళ్లగొడతారా అన్నాడు.

"దీవికి పోయినాక కాళ్లు లావైనాయా, లేకుంటే ఈడ నేల మీద కూడా అట్లాంటి కాళ్లుండే డేగ ఉండాదా, అదే సార్ నేను చూస్తాండేది" అంది ఆ అమ్మాయి. "అట్లాంటిది ఒక్కటి కనపడినా దానికి వేరే ఇంటిపేరు అక్కర్లేదు. ఉండే పాత ఎముకలన్నీ కొలుస్తాండా. మీ కాలేజీలో ఒకటి ఉండాదని తెలిసి వచ్చినా."

బీరువా తెరిచాను. మామూలుగా ఇతరులకు తెరవను, కడప పిల్ల కదా అని తెరిచాను. ఆమె కొలతలు తీసుకుంటూ రెక్కల నుంచి కిందికి దిగింది. కాలి దగ్గరకు వచ్చేసరికి ఆగింది. మళ్లీ కొలిచింది. ప్లాస్టరు కాలు తెచ్చి పక్కన పెట్టింది.

"సార్, ఇది శానా లావుగా ఉండాది."

"మన సీమ డేగ కదమ్మా" అన్నాను. గర్వంగానే అన్నాను.

"ఈడ వెనకపక్క చూడండి, ఒక గరుకు మచ్చ. దీవి డేగకు కూడా సుమారుగా ఈడనే ఉండాది." ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "సార్, ఇవి రెండూ చుట్టాలు సార్."

అప్పుడు నాకు పుంజు గుర్తుకు రాలేదు. రాలేదనే ఇన్నేళ్లూ అందరికీ చెబుతున్నాను. నిజమే అనుకుంటాను. కానీ ఆ మాట చెప్పిన ప్రతిసారీ నాకు నేనే అంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వస్తోందో తెలియదు.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. వాళ్ల గైడు అనుమానపడ్డాడట. రంగు కింద అసలు ఎముక చూడకుండా అంత పెద్ద మాట రాయొద్దన్నాడట.

"ఒక కాలు మీద వేలెడంత రంగు గీకితే చాలు సార్. మళ్లీ నేనే పూస్తా."

"కుదరదమ్మా. మ్యూజియం వస్తువు" అన్నాను.

"చిన్న బ్లేడుతోనే సార్. ఎముకకు తగలనీను."

"నేను చదువుకునేటప్పటి నుంచి ఉన్న డేగ ఇది. దీన్ని అనుమానించేవాడెవడు? మీ గైడుకు చెప్పు, నేను హామీ అని."

ఆమె బ్లేడు సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ, ఆ ఏడు లోపల థీసిస్ ఇచ్చేస్తే కడపలో ఒక కాలేజీలో తనకు లెక్చరరు పని ఖాయమైనట్టేనని చెప్పింది. వాళ్ల నాన్నకు కళ్లు మసకలొచ్చి సూదిలో దారం ఎక్కడం లేదట. "ఇంక ఆయనను కుట్టనీను సార్" అంది. మంచిదమ్మా అన్నాను. నా హామీ మీద ఆమె థీసిస్‌లో అసలైన అధ్యాయం రాసుకుంది.

ఆ తర్వాత మా కాలేజీలోనే ఒక సదస్సు పెట్టాం. ఊరుపేరు లేని మా డేగకు సముద్రంలో చుట్టం దొరికిందంటే ప్రిన్సిపాల్ ఊరుకుంటాడా? ఫ్లెక్సీ కట్టించాడు. ఒక పక్క డేగ, ఒక పక్క నేను. గైడు కూడా వచ్చాడు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. చివరి వరసలో కొత్త చొక్కా మడతలు కనబడుతూ ఒక పెద్దాయన ఒదిగి కూర్చున్నాడు. వాళ్ల నాన్న అని తర్వాత తెలిసింది.

అమ్మాయి చక్కగా మాట్లాడింది. దీవి, గుహ, ఎముకలు, ఇంటిపేరు తగువు అన్నీ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పింది. చివరికి మా డేగ కాలును తెర మీద పెద్దదిగా వేసింది. గది గోడంత కాలు. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో. అందులో ఆమె చెప్పిన గరుకు మచ్చ మీద, రంగు కిందనుంచి, ఒకదాని పక్కన ఒకటి సన్నని గీతలు కనిపించాయి. అన్నీ ఒకే వాలులో. ఎముక మీద అలాంటి గీతలు పుట్టవు. ఆకురాయి పెడితే పడతాయి.

పక్క కుర్చీలో వృక్షశాస్త్రం మిత్రుడు నా చెవి దగ్గరకు వంగాడు.

"ఏమప్పా, ఇది మన పుంజు కాలు కాదూ?"

"ఊరుకో" అన్నాను.

ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆమె దీవి డేగకు వేరే ప్రజాతి అక్కర్లేదని, కర్నూలు డేగ దానికి సాక్ష్యమని చెప్పి ముగించింది. చప్పట్లు. ఈ అపురూపమైన నమూనాను ఇన్నాళ్లు కాపాడినందుకు నాకు సన్మానం అన్నారు. శాలువా ఆ అమ్మాయి చేతనే కప్పించారు. చివరి వరసలోని పెద్దాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. నేను చేతులు జోడించాను.

మధ్యాహ్నం భోజనాలు. రాగిసంగటి, నాటుకోడి పులుసు. ఆ రోజుకు తగినట్టే పెట్టారు. నేను సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, పులుసు పోయించుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను. అమ్మాయి తన పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఏం సార్, తినలేదే?"

"అమ్మా, పొద్దున నువ్వు చూపించిన కాలు డేగది కాదు" అన్నాను. పులుసు వైపు చెయ్యి చూపించాను. "దీనిది."

వేళాకోళం అనుకుని నవ్వింది. నేను నవ్వలేదు. సున్నం పని, నిచ్చెన, అటెండరు, పుంజు, ఆకురాయి అంతా చెప్పాను. చెప్పేకొద్దీ ఆమె మొహంలోంచి నవ్వు పోయింది. కలిపిన ముద్ద పళ్లెంలోనే పెట్టేసింది.

"మీకు ఎప్పుడు గుర్తొచ్చింది సార్?"

"పొద్దున. తెర మీద వేసినప్పుడు."

"శాలువా కప్పింది దాని తర్వాత కదా సార్?"

"ఊఁ" అన్నాను.

ఆమె కాసేపు నా భుజం మీది శాలువా వంక చూసింది. "చెయ్యి కడుక్కోని వస్తా సార్" అని లేచింది. నేరుగా గైడు దగ్గరికి వెళ్లి, నలుగురూ వినేటట్టే చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నేను రంగు గీకి చూడకుండా రాసినా సార్, తప్పు నాదే" అంది. నేను గీకనివ్వలేదన్న ముక్క ఆమె నోట రాలేదు. పది అడుగుల దూరంలో ఉండి ఆ మాట విన్నాను. ముందుకు పోయి, "కాదు, నేనే అడ్డుపడ్డాను" అనడానికి నాకు కాళ్లు రాలేదు. టీ వేళకు కాలేజీ అంతటికీ పుంజు కథ తెలిసిపోయింది, నాకు పేరు కూడా పెట్టేశారు.

సాయంత్రం ఆమె, నేను మ్యూజియంలో కూర్చుని థిన్నరుతో ఆ కాళ్ల రంగు తీశాం. ఒక కోటు కింద ఇంకో కోటు. ఒకటి కాస్త నీలంగా, ఒకటి పాలమీగడలా. ఏ కోటు ఏ కమిటీకి పూశామో నాకు చెప్పాలనిపించింది, నోరు మూసుకున్నాను. చివరికి ఎముక బయటపడింది. చూపు ఆనేవాడెవడైనా గుర్తుపట్టే నాటుకోడి కాలు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"ఆ పొద్దు ఒకసారి గీకనిచ్చింటే సరిపోయేది సార్" అంది. అంతే అంది. కాసేపటికి తానే, "రెక్కలు డేగవే సార్, అవన్నా మిగిలినాయి" అని వాటి కొలతలు మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. లోపలికి రమ్మంటే రాలేదు.

కాళ్లు తీసేశాక డేగ ఇక నిలబడదు. బల్ల మీద ఒక పక్కకు ఒరిగి పడుకుంది. కమిటీలు, ప్రిన్సిపాలు గుర్తుకొచ్చి, కర్రముక్కలు పెట్టి నిలబెడదామా అన్నాను. నా బుద్ధి అలాంటిది. ఆమె విననట్టే తన సంచిలోంచి దారపు ఉండ తీసింది. ఎముకల పొట్లాలు కట్టే దారమే, వాళ్ల నాన్న పరుపులు కుట్టేది. వెన్నెముకకు ఒకచోట, రెక్కలకు చెరొకచోట ముడి వేసి, డేగను బీరువా పైకప్పు నుంచి వేలాడదీసింది. దూరం జరిగి చూస్తే డేగ ఎగురుతోంది. కాళ్లు లేవన్న సంగతి తట్టనే తట్టదు. ఎగిరేటప్పుడు డేగ కాళ్లు ఎటూ లోపలికే ముడుచుకుంటుంది.

ఆమె థీసిస్ ఆగిపోయింది. ఎక్కడో దూరాన ఇంకో మ్యూజియంలో రంగు పుయ్యని కాళ్లు దొరికేదాకా తిరిగింది. చివరికి తేలిందేమిటంటే, దీవి డేగ చుట్టాలు వేరే ఎక్కడో ఉన్నారు, మన డేగకూ దానికీ ఏ బంధుత్వమూ లేదు. కాళ్లు దీవిలోనే లావెక్కాయి. పట్టా వచ్చింది గాని ఆలస్యంగా వచ్చింది. కడప ఉద్యోగం అప్పటికే వేరేవాళ్లకు పోయింది. ఇప్పుడు రాజంపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. వాళ్ల నాన్న ఇంకా పరుపులు కుడుతున్నాడని, సూదిలో దారం మాత్రం ఆమె ఎక్కించి వెళుతుందని విన్నాను.

ఇక్కడితో కథ అయిపోతే నాకు ఈ రాయడమే ఉండేది కాదు. కోడికాలు సార్ అంటే పలుకుతాను. ఆ పేరు నేను సంపాదించుకున్నదే, సరసమైనదే.

నేను రిటైరవడానికి కొంచెం ముందు మళ్లీ కమిటీ వచ్చింది. ఈసారి ఎముకలకు రంగు వెయ్యనివ్వలేదు. అంతమాత్రం బుద్ధి వచ్చింది. కమిటీ పెద్దాయన పాముల సీసాలన్నీ విసుగ్గా దాటుకుంటూ వచ్చి డేగ బీరువా ముందు ఆగాడు. అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు. "ఎన్నో కాలేజీలు చూశాను. అన్నిచోట్లా కట్టె మీద దిష్టిబొమ్మలా నిలబెడతారు. డేగను డేగలా ఎగరనిచ్చింది మీరే. ఎవరిదండీ ఈ ఆలోచన?" అన్నాడు.

ప్రిన్సిపాల్ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. "మా సారుదే" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. చెప్పడానికి రెండు మాటలు చాలు. వృక్షశాస్త్రం మిత్రుడు కూడా అక్కడే ఉన్నాడు, నేను చెబుతానేమోనని చూశాడు. నేను తల వంచి, వినయంగా నవ్వి, "ఏదో, అట్లా కుదిరిందండీ" అన్నాను.

ఆ డేగ ఇప్పటికీ అక్కడే ఎగురుతోందట. మీలో ఎవరైనా ఆ కాలేజీకి పోతే బీరువాకు దగ్గరగా నిలబడి పైకి చూడండి. దానికి కట్టింది పరుపులు కుట్టే దారం. ఎవరు కట్టారని ఎవరైనా అడిగితే కడప అమ్మాయి కట్టిందని చెప్పండి. నేను చెప్పలేదు.